కూల్చిన విమానాల లెక్కతో వైమానిక దళాధిపతిని తూచవద్దు

సంపాదకులకు,

అయ్యా,

యుద్ధం మాట వచ్చినప్పుడల్లా టీవీ చర్చల్లోనూ పత్రికల విశ్లేషణల్లోనూ ముందుగా వినిపించేది ఎవరు ఎన్ని విమానాలు కూల్చారన్న లెక్కే. అది ఎటు మొగ్గితే అటువైపు దళాధిపతి సమర్థుడనీ, రెండో పక్షం దళాధిపతి చేతకానివాడనీ అక్కడికక్కడే తీర్పు చెప్పేస్తున్నారు. ఈ కొలమానం ఎంత ప్రమాదకరమో తెలియాలంటే 1940లో జర్మన్ వైమానిక దాడులను ఎదుర్కొన్న బ్రిటన్ ఫైటర్ కమాండ్‌ను (శత్రు విమానాలను గాలిలోనే అడ్డుకునే ఫైటర్ విమానాల విభాగాన్ని) నడిపిన ఎయిర్ చీఫ్ మార్షల్ హ్యూ డౌడింగ్ ఉదంతాన్ని నిదానంగా పరిశీలించాలి. ఆ యుద్ధం మన తెలుగు గడ్డకు సంబంధం లేనిదేమీ కాదు కనుక ఈ లేఖ కాస్త దీర్ఘమైనా ప్రచురిస్తారని ఆశిస్తున్నాను.

ముందు ఆ లెక్కల సంగతి చూద్దాం. 1940 సెప్టెంబరు 15న ఒక్కరోజే 185 జర్మన్ విమానాలను కూల్చామని బ్రిటన్ ప్రకటించింది. యుద్ధం ముగిశాక జర్మన్ రికార్డులు తిరగేస్తే ఆ సంఖ్య అరవైకి అటూఇటూగా తేలింది. ఇందులో పైలట్ల మోసమేమీ లేదు. ఒకే బాంబర్ మీద ముగ్గురు కాల్పులు జరిపి, అది పొగ కక్కుతూ మబ్బుల్లోకి దూరిపోతే, కూల్చింది తానేనని ముగ్గురూ మనస్ఫూర్తిగా నమ్ముతారు. జర్మన్లు ఇంతకన్నా ఘోరంగా పొరబడ్డారు. బ్రిటిష్ ఫైటర్లు దాదాపు అయిపోవచ్చాయని వారి గూఢచర్య విభాగం లెక్కగట్టిన రోజుల్లోనే బ్రిటిష్ కర్మాగారాల నుంచి నెలకు 400కు పైగా కొత్త ఫైటర్లు బయటికి వస్తున్నాయి. ఆ తప్పుడు లెక్కా, బెర్లిన్ మీద పడిన బాంబులకు ప్రతీకారం తీర్చుకోవాలన్న పంతమూ కలిసి, అప్పటిదాకా వైమానిక స్థావరాలను చావగొడుతున్న దాడులను సెప్టెంబరు 7న లండన్ నగరం మీదికి మళ్లించాయి. కూల్చిన విమానాల సంఖ్యను నమ్ముకున్నందుకు జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్ చెల్లించిన మూల్యం అది.

డౌడింగ్ పనితనం ఆకాశంలో కన్నా ముందు నేల మీద కనిపిస్తుంది. 1930 నుంచి 1936 వరకు ఆయన వైమానిక దళంలో సరఫరా, పరిశోధన వ్యవహారాలు చూశారు. రేడియో తరంగాలతో విమానం జాడ పట్టవచ్చని 1935 ఫిబ్రవరి 26న డావెంట్రీ దగ్గర జరిగిన ప్రయోగం రుజువు చేసినప్పుడు, దాని విలువను గుర్తించి వెన్నుదన్నుగా నిలిచింది ఆయనే. 1936 జులైలో ఫైటర్ కమాండ్ పగ్గాలు చేపట్టాక రాడార్ కేంద్రాలను, నేల మీది పరిశీలకులను, టెలిఫోన్ తీగలను, ఆదేశాలిచ్చే గదులను ఒకే వ్యవస్థగా అల్లారు. జర్మన్లకూ మంచి రాడార్లే ఉన్నాయి కానీ ఇలాంటి అల్లిక లేదు. ఆ గదుల్లో పెద్ద బల్ల మీద పటం పరచి ఉండేది. మహిళా సిబ్బంది పొడవాటి కర్రలతో శత్రువు జాడ తెలిపే బిళ్లలను దాని మీద జరుపుతుండేవారు. గోడ గడియారంలో ప్రతి ఐదు నిమిషాల భాగానికి ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో ఒకటి వేసి ఉండేది. సమాచారం వచ్చిన సమయానికి ఏ రంగు నడుస్తున్నదో ఆ రంగు బిళ్లనే పెట్టేవారు కనుక, పై అంతస్తులో కూర్చున్న అధికారికి ఏ సమాచారం తాజాదో, ఏది పాతబడిందో ఒక్క చూపులో తెలిసేది. ఆకాశంలో ఊరికే గస్తీ తిరిగి ఇంధనాన్నీ పైలట్లనూ అలసటకు బలిపెట్టకుండా, అవసరమైన చోటికి అవసరమైనంత మందినే పంపగలిగారంటే కారణం ఇదే.

ఇక 1940 మే నెల. ఫ్రాన్స్ కుప్పకూలుతోంది, ఇంకా ఫైటర్లు పంపమని ఆ దేశం ప్రాధేయపడుతోంది, మిత్రధర్మం తప్పలేక చర్చిల్ అటే మొగ్గుతున్నారు. మే 16న డౌడింగ్ ప్రభుత్వానికి రాసిన లేఖ నా దృష్టిలో ఆయన సమర్థతకు అన్నిటికన్నా గట్టి నిదర్శనం. స్వదేశ రక్షణకు 52 స్క్వాడ్రన్లు (ఫైటర్ దళాలు) కావాలని మీరే ఒప్పుకున్నారు, ఇప్పుడు నా దగ్గర మిగిలింది 36కు సమానమైన బలమే, దీన్ని కూడా ఫ్రాన్స్‌లో ఖర్చుచేస్తే అక్కడి ఓటమితో పాటు ఈ దేశం కూడా తిరిగి కోలుకోలేనంతగా ఓడిపోతుంది అన్నది దాని సారాంశం. ప్రధాని అభీష్టానికి ఎదురుగా, లిఖితపూర్వకంగా, అంకెలతో సహా ఆ మాట చెప్పగల దళాధిపతులు ఏ దేశంలోనైనా అరుదు. లేఖ వెళ్లాక కూడా కొన్ని స్క్వాడ్రన్లు ఫ్రాన్స్ యుద్ధంలోకి వెళ్లకపోలేదు, కానీ ఆ తర్వాత ధార ఆగింది. ఆ లేఖ ఒక్క విమానాన్ని కూడా కూల్చలేదు, ఇవ్వలేనని చెప్పింది, అంతే. వేసవి యుద్ధానికి కావలసిన బలం దానివల్లే మిగిలింది.

ఆయనలో లోపాలు లేవనడం లేదు. బ్రిటిష్ పైలట్లు ముగ్గురేసి దగ్గరదగ్గరగా ఎగిరే పాత వరుసలో వెళ్తుంటే, మధ్యలోని నాయకుడు తప్ప మిగతా ఇద్దరూ పక్క విమానాన్ని తాకకుండా చూసుకోవడంతోనే సరిపోయేది. నలుగురేసి విడివిడిగా ఎగిరే జర్మన్ పద్ధతి ఎంతో మేలైనదని తెలిసివస్తున్నా పాతదాన్ని మార్చమని పైనుంచి గట్టి ఆదేశం రాలేదు. నిజాం విరాళానికి గుర్తుగా హైదరాబాద్ పేరు పెట్టుకున్న రెండు స్క్వాడ్రన్లు ఆ యుద్ధంలో ఉన్నాయి. 152వ స్క్వాడ్రన్ దక్షిణ ఇంగ్లండ్‌లోని వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్ ఫైటర్లతో పోర్ట్‌లాండ్ తీరాన్ని కాపాడింది. 253వ స్క్వాడ్రన్ ఆగస్టు నెలాఖరున స్కాట్లాండ్ నుంచి హరికేన్ ఫైటర్లతో లండన్ దగ్గరి కెన్లీకి దిగి, రెండు రోజులు తిరగకముందే పలువురు పైలట్లను కోల్పోయింది. అలసిన దళాన్ని వెనక్కి పంపి కొత్త దళాన్ని తేవడం మంచి ఆలోచనే అయినా, అనుభవం లేని దళమే ఎక్కువగా చచ్చిపోతున్నదని డౌడింగ్ గ్రహించి, సెప్టెంబరు మొదట్లో స్క్వాడ్రన్లను మూడు తరగతులుగా విడదీసి, దళాలను మార్చకుండా, పోరాడుతున్న దళాలు ఉన్నచోటికే అనుభవజ్ఞులైన పైలట్లను పంపి సర్దే పద్ధతి పెట్టారు. యుద్ధం నడుస్తుండగానే తన పద్ధతిని దిద్దుకున్న ఈ తీరును విమర్శకులు పెద్దగా పట్టించుకోరు.

అన్నిటికన్నా పెద్ద లోపం వేరు. ఆగ్నేయ ఇంగ్లండ్‌ను కాపాడుతున్న కీత్ పార్క్‌కూ, దానికి ఉత్తరాన ఉన్న ప్రాంతపు దళాలను నడిపే లీ మలరీకీ బహిరంగంగా పొసగడం లేదు. శత్రువు బాంబులు వేయకముందే చిన్న దళాలతోనైనా అడ్డుపడాలని పార్క్, ఆలస్యమైనా సరే ఐదారు స్క్వాడ్రన్లను ఒకచోట కూర్చి విరుచుకుపడాలని లీ మలరీ. ఇద్దరూ తన కింది అధికారులే అయినా పిలిచి తేల్చడం డౌడింగ్ చేయలేదు. దాంతో వివాదం మంత్రిత్వ శాఖకు ఎక్కింది. పెద్ద దళాలు పెద్ద సంఖ్యలు ప్రకటించేవి, ఆ సంఖ్యలే వాదనకు బలమయ్యాయి. అక్టోబరు 17న జరిగిన సమావేశంలో ఆయన పద్ధతినే బోనెక్కించారు. రాత్రి దాడులను ఆపలేకపోతున్నారన్న మరో ఫిర్యాదు తోడైంది. నవంబరు 14 రాత్రి కోవెంట్రీ నగరంపై జరిగిన దాడిలో 500 మందికి పైగా మరణించారు. విమానంలోనే రాడార్ అమర్చితే తప్ప చీకట్లో బాంబర్లను పట్టలేమని ఆయన చెబుతూనే ఉన్నారు, మరుసటి వసంతంలో అదే నిజమైంది. కానీ 1940 నవంబరు నెలాఖరుకల్లా ఆయన పదవి పోయింది. ప్రభుత్వం 1941లో ఆ యుద్ధంపై వెలువరించిన పుస్తికలో ఆయన పేరు కూడా లేకపోవడం చర్చిల్‌కే కోపం తెప్పించింది.

తర్వాత జరిగినది మనకు దగ్గరి సంగతి. 1941లో అదే ఫైటర్ కమాండ్ ఫ్రాన్స్ మీదికి పెద్ద గుంపులుగా దాడులకు వెళ్లి, జర్మన్ల కన్నా ఎన్నో రెట్లు పైలట్లను పోగొట్టుకుంది. కూల్చామని ప్రకటించిన సంఖ్యలు మాత్రం ఘనంగానే ఉండేవి. ఆ ఏడాది చివర సింగపూర్ రక్షణకు ఉన్నవి బఫెలో అనే నాసిరకం ఫైటర్లు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినప్పుడు వాటికి దీటుగా ఎదురెక్కగల ఆధునిక ఫైటర్ ఒక్కటి కూడా మన తీరంలో లేదు. స్పిట్‌ఫైర్ దళాలు భారత్‌కు చేరింది 1943 ద్వితీయార్ధంలోనే. ఫైటర్లను ఎక్కడ ఉంచాలన్నది లండన్‌లో ఎంతోమంది కలిసి తేల్చిన విషయం కనుక నేరమంతా డౌడింగ్ వారసుల మీదే మోపడం న్యాయం కాదు. అయినా పొదుపుగా వాడినవాడిని దించి, ఘనమైన సంఖ్యలు చూపిన వారిని అందలమెక్కించిన నిర్ణయం ఫలితాన్ని విశాఖ రేవులో పనిచేసే కూలీలు కూడా పంచుకోవలసి వచ్చిందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కాబట్టి నా మనవి ఒక్కటే. ఇకమీదట ఏ దేశపు వైమానిక యుద్ధం గురించి రాసినా, కూల్చిన విమానాల సంఖ్య అచ్చువేసేటప్పుడు అది ఎవరు ప్రకటించినదో, రెండో పక్షం రికార్డులతో సరిచూసినదో కాదో పక్కనే స్పష్టం చేయండి. ఆ దళాధిపతి చేతికి యుద్ధానికి ముందు ఏమి అందింది, దాన్ని దేనికి ఖర్చుపెట్టారు, దేనికి ఖర్చుపెట్టనన్నారు అన్న వివరాలు దొరికేంతవరకు సమర్థుడనో అసమర్థుడనో శీర్షికలో తేల్చివేయకండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశాఖపట్నం