ఆర్కే బీచ్‌కి ముందు ఇసుక కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య విశాఖ గురించి పత్రికల్లో వచ్చేవన్నీ పెద్ద వార్తలే. గూగుల్ డేటా సెంటర్, భోగాపురం విమానాశ్రయం, రైల్వే జోన్, మెట్రో. రావాలి, అన్నీ రావాలి, మా పిల్లలు ఉద్యోగాల కోసం హైదరాబాదో బెంగళూరో పోకుండా ఇక్కడే ఉండాలని మాకూ ఉంటుంది. కానీ ఈ ఊరికి ఇంత పేరు తెచ్చిన సముద్రపు ఒడ్డు మా కళ్ల ముందే తరిగిపోతుంటే దాని గురించి పట్టించుకునేవాళ్లు కనబడటం లేదు. తుఫాను వచ్చి ఎక్కడో గోడ కూలితే రెండు రోజులు మాట్లాడుకుంటాం, నాలుగు లారీల రాళ్లు పోస్తారు, అంతే.

ఆర్కే బీచ్‌లో కోస్టల్ బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దాకా ఇసుకలోనే నడుద్దామని చూడండి. కొంత దూరం బాగానే ఉంటుంది, ఆ తర్వాత ఇసుక సన్నబడిపోతుంది, పోటు సమయంలో కొన్ని చోట్ల మెట్లు దిగగానే నీళ్లే. 2022 డిసెంబరులో అక్కడి పిల్లల పార్కు గోడ కూలి నేల కుంగిపోయింది. ఇసుక నల్లగా మారిందని జనం భయపడుతుంటారు కదా, అలలు తేలికపాటి ఇసుకని లాక్కుపోతే ఇల్మెనైట్ లాంటి బరువైన ఖనిజాలు పైకి తేలి అలా కనబడతాయి. (గెడ్డల్లోంచి, అంటే ఊళ్లోంచి వచ్చే వాగుల్లోంచి, మురుగునీరు నేరుగా సముద్రంలోకి వదలడం వేరే సంగతి, దానికి ఇంకో ఉత్తరం రాయాలి.)

ఇది ఎందుకు జరుగుతోందో మన ఇంజనీర్లకి ఎప్పటినుంచో తెలుసు. మన తీరంలో ఇసుక ఒకచోట నిలిచి ఉండదు. ఏడాదిలో ఎక్కువ నెలలు నైరుతి గాలులకి అలలు ఏటవాలుగా వచ్చి ఇసుకని దక్షిణాన ఉన్న యారాడ వైపు నుంచి ఉత్తరాన ఉన్న భీమిలి వైపు తోసుకుపోతుంటాయి, చలికాలంలో కొంత వెనక్కి వస్తుంది కానీ పోయినంత రాదు. ఇక్కడి నుంచి పోయినదాని బదులు దక్షిణం నుంచి కొత్త ఇసుక వస్తుంటేనే ఒడ్డు నిలబడుతుంది. సరిగ్గా అది వచ్చే దారిలోనే మన హార్బరు ఉంది. నేను పోర్టుని తప్పుపట్టడం లేదు, పోర్టు లేకపోతే ఈ నగరమే లేదు. 1933లో పోర్టు మొదలైన నాటికే ఇసుక వచ్చి ఓడలు లోపలికొచ్చే ఛానల్ నోరు మూసేస్తుందని తెలిసి, డాల్ఫిన్ నోస్ కొండ దగ్గర రెండు పాత ఓడల్ని కావాలని ముంచి, వాటినే అడ్డుకట్టగా వాడుకుని, అక్కడ పోగైన ఇసుకని డ్రెడ్జర్‌తో, అంటే నీటి అడుగున తవ్వే ఓడతో, తీసేవారు. 1970ల్లో ఔటర్ హార్బరు కోసం సముద్రంలోకి రాతి కట్టలు వేశాక ఇసుక వాటికి దక్షిణాన ఇంకా ఎక్కువగా ఆగిపోవడం మొదలైంది. అలా ఆగిన ఇసుకని తవ్వి తెచ్చి ఉత్తరాన ఆర్కే బీచ్ దగ్గర పోయాలి. పరిష్కారం ఇదే, కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఉన్నది కూడా మన ఊళ్లోనే.

కాకపోతే ఇది ఒకసారి చేసి వదిలేసే పని కాదు, సముద్రం ఏటా తీసుకుపోతుంది కాబట్టి మనమూ ఏటా పోయాలి. ఒక ఏడాది ఆగినా ఒడ్డు మీద తేడా తెలిసిపోతుంది. పైగా తెచ్చిన ఇసుకని ఒడ్డుకి దూరంగా లోతు నీళ్లలో వదిలేస్తే అది బీచ్‌కి చేరుతుందన్న నమ్మకం లేదు, పైపుల్లో పంపు చేసి ఒడ్డు మీదే పడేలా చేయాలి. ఖర్చు ఎక్కువే. అయినా లైట్లకీ, టైల్స్‌కీ, ఫొటోల కోసం పెట్టే బొమ్మలకీ దొరుకుతున్న డబ్బు దీనికి ఎందుకు దొరకదో నాకు అర్థం కాదు.

రాళ్లు పోస్తే సరిపోతుంది కదా అంటారు కొందరు. రాళ్లు పోసినచోట రోడ్డు నిలబడుతుంది, నిజమే, కానీ అల ఆ రాళ్లకి కొట్టుకుని ముందున్న ఇసుకని ఇంకా తోడేస్తుంది, కోత పక్కకి, అంటే ఉత్తరానికి జరుగుతుంది. ఆ ఉత్తరానే జాలరిపేటలు ఉన్నాయి. ఒడ్డు మీద నిలబడి లాగే అలివి వల లాగేటప్పుడు ఎప్పుడైనా దగ్గర నిలబడి చూశారా? రెండు వరసలుగా మనుషులు నడుముకి తాడు తగిలించుకుని, మడమలు ఇసుకలో పాతిపెట్టి, అడుగు అడుగూ వెనక్కి వేస్తూ లాగుతారు. వెనక్కి నడవడానికి చోటుండాలి, కాలు దిగడానికి ఇసుక ఉండాలి. రాళ్ల మీద ఆ పని జరగదు, వల చిరిగిపోతుంది. బోట్లు పైకి లాగి పెట్టుకోవడానికీ, వేట నిషేధం ఉన్న ఆ రెండు నెలలూ, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వలలు పరిచి బాగు చేసుకోవడానికీ ఆ ఒడ్డే దిక్కు. మనకి సాయంత్రం పూట మొక్కజొన్న పొత్తు తింటూ కూర్చునే చోటు, వాళ్లకి అది పని చేసుకునే చోటు.

కాబట్టి మీ పత్రిక ద్వారా అధికారులని, ఎమ్మెల్యేలని, ఎంపీ గారిని అడుగుతున్నాను. ప్రతి ఏడాదీ హార్బరు దక్షిణాన ఎంత ఇసుక తవ్వారు, అందులో ఎంత మన బీచ్‌లో పోశారు, ఎక్కడ పోశారు అన్న లెక్క జనానికి చెప్పండి. వర్షాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి ఒడ్డు వెడల్పు కొలిచి ఆ అంకెలు బీచ్ రోడ్డులోనే బోర్డు మీద రాయండి. ఇసుక మీద కొత్తగా ఏదైనా కట్టాలనుకుంటే ముందు జాలరిపేటల పెద్దలని పిలిచి మాట్లాడండి, ఏ నెలలో అల ఎంతవరకు వస్తుందో వాళ్లు చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరు. డేటా సెంటర్ కోసం సముద్రం అడుగు నుంచి కేబుళ్లు తెస్తామంటున్నారు, అవి పైకొచ్చేది కూడా ఈ ఒడ్డునే కాబట్టి ఆ ప్రాజెక్టు ఖర్చులో కొంత ఇసుకకి కేటాయించమని ఇప్పుడే అడగండి, ఒప్పందాలన్నీ అయిపోయాక అడిగితే ఎవరూ వినరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
చినవాల్తేరు, విశాఖపట్నం