ముస్సోలినీ రోమ్‌ని ఆక్రమించలేదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ పేపర్లో పోటీ పరీక్షల పేజీలో ఒక బిట్ వేశారు, "ముస్సోలినీ రోమ్‌ను ఆక్రమించిన సంవత్సరం ఏది" అని, జవాబు 1922. సంవత్సరం కరెక్టే, ఆ "ఆక్రమించిన" అన్న మాటే తప్పు, చిన్న తప్పు కూడా కాదు. నేను 27 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెప్పి రిటైరయ్యాను, ఈ ఒక్క మాట వల్ల ఫాసిజం అంటే ఎవడో బలవంతుడు దండుతో వచ్చి కోట పగలగొట్టిన కథలాగా పిల్లల బుర్రల్లో ఉండిపోవడం చూశాను, అందుకే రాస్తున్నా.

1919 మార్చిలో ఇటలీలోని మిలాన్‌లో ముస్సోలినీ తన ఫాసిస్టు సంఘం పెట్టినప్పుడు పట్టించుకున్నవాళ్లే తక్కువ. ఆ నవంబర్ ఎలక్షన్లో అదే మిలాన్‌లో ఐదు వేల ఓట్లు కూడా పడలేదు, ఒక్క సీటూ రాలేదు. మరి మూడేళ్లలో ప్రధాని ఎలా అయ్యాడు? మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి పనుల్లేవు, ధరలు మండిపోతున్నాయి, 1920లో కార్మికులు ఫ్యాక్టరీల్లోనే బైఠాయించారు, పో నది మైదానంలో వ్యవసాయ కూలీలు సంఘాలు కట్టి కూలి రేటు తామే తేల్చే దాకా వచ్చారు. భూస్వాములకి వణుకు పుట్టింది. నల్లచొక్కాలు వేసుకు తిరిగే ముస్సోలినీ ముఠాలకి డబ్బు, లారీలు సమకూర్చింది వాళ్లే. ఇక రాత్రిళ్లు లారీల్లో ఊళ్ల మీద పడి సంఘం ఆఫీసు తగలబెట్టడం, నాయకుణ్ణి భార్యాపిల్లల ముందే ఈడ్చుకొచ్చి దుడ్డుకర్రలతో బాదడం, నోరు తెరిపించి ఆముదం పోయడం. క్లాసులో ఆముదం అనగానే పిల్లలు నవ్వేవాళ్లు, నాయనమ్మ చెంచాతో పట్టించడం గుర్తొచ్చి. చెంచా కాదురా, సీసాకి సీసా పోసేవాళ్లు, ఆ మనిషి ఊరందరి ముందు బట్టలు పాడుచేసుకుని ఇంటికి నడవాలి, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు అని చెప్తే ఇంకెవరూ నవ్వేవాళ్లు కాదు. చాలాచోట్ల పోలీసులు చూస్తూ నిలబడ్డారు.

పైనున్న పెద్దమనుషులేం చేశారంటే, 1921 ఎలక్షన్లో ప్రధాని జొలిట్టి సోషలిస్టులని దెబ్బకొట్టడానికి ఈ ఫాసిస్టులని తన కూటమిలో కలుపుకున్నాడు. అలా 35 సీట్లొచ్చాయి, 535 మంది ఉన్న సభలో.

ఇక మీరు ఆక్రమణ అన్న సంగతి. 1922 అక్టోబర్ చివర్లో నల్లచొక్కాల వాళ్లు వానలో తడుస్తూ రోమ్ బయట గుమిగూడారు, చాలామంది చేతిలో సరైన తుపాకీ కూడా లేదు. ప్రధాని ఫాక్టా సైన్యాన్ని దింపే ఆర్డర్ రాయించి 28 పొద్దున రాజు దగ్గరికి తీసుకెళ్తే రాజు సంతకం పెట్టలేదు. ముస్సోలినీ అప్పటికి మిలాన్‌లోనే ఉన్నాడు, రాజు దగ్గర్నుంచి ప్రధానిగా రమ్మని కబురొచ్చాక రాత్రి రైలెక్కి 30 పొద్దున రోమ్‌లో దిగాడు. సిటీలో ఊరేగింపు ఆ తర్వాతే. నవంబర్‌లో పార్లమెంటు 306-116తో ఆయన మీద విశ్వాసం ప్రకటించింది, ఆ 306లో ఫాసిస్టులు ఎంతమందో మీరే లెక్కేసుకోండి.

ఒక ఏడాది ఒక అమ్మాయి లేచి "టీచర్, రాజుకి సైన్యం ఉంది కదా, మరెందుకు ఆపలేదు" అంది. నా సర్వీసులో అంత మంచి ప్రశ్న నేను వినలేదు, మీ బిట్ బట్టీ పట్టిన పిల్లలకి మాత్రం ఆ ప్రశ్న తట్టే దారే లేదు. జర్మనీ సంగతీ ఇంతే, 1932 నవంబర్‌లో హిట్లర్‌కి ఓట్లు తగ్గాయి, 33 శాతానికి దిగాయి, అయినా 1933 జనవరి 30న ఆయన్ని ప్రధాని కుర్చీలో కూర్చోబెట్టింది అధ్యక్షుడు హిండెన్‌బర్గ్, హిండెన్‌బర్గ్‌కి నచ్చజెప్పింది అంతకుముందు ప్రధానిగా చేసిన పాపెన్. అదుపులో పెట్టుకోవచ్చు అనుకున్నారు.

అదుపు సంగతి ఇటలీలో అప్పటికే తేలిపోయింది. 1924 ఎలక్షన్లో జరిగిన దౌర్జన్యాల మీద మాత్తెయోత్తి అనే సోషలిస్టు ఎంపీ మే 30న సభలో లేచి మాట్లాడాడు, జూన్ 10న రోమ్‌లో పట్టపగలు కారులో ఎత్తుకెళ్లి చంపేశారు, శవం ఆగస్టులో దొరికింది. అప్పుడూ రాజు కదల్లేదు. అదే రాజు 1943 జులైలో, యుద్ధం ఓడిపోతున్నప్పుడు, ముస్సోలినీని పిలిచి పదవిలోంచి తీసేసి అరెస్టు చేయించాడు. అంటే ఆ అధికారం ఆయనకి మొదట్నుంచీ ఉన్నట్టే కదండీ.

దయచేసి ఆ బిట్ మార్చి మళ్లీ వేయండి. "1922లో ముస్సోలినీని ప్రధానిగా నియమించిన రాజు ఎవరు" అని అడగండి. జవాబు, మూడో విక్టర్ ఇమ్మాన్యుయేల్.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్, తెనాలి