రెఫరెండం బుక్‌లెట్‌లో అచ్చయ్యే మాటకు పూచీ ఎవరిది?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఫలానా విషయం మీద మన దేశంలోనూ రెఫరెండం, అంటే నేరుగా ప్రజల ఓటు, పెట్టాలన్న మాట అప్పుడప్పుడూ వినిపిస్తూంటుంది. ప్రజల్ని అడగాలా వద్దా అన్న దగ్గరే ఆ వాదన ఆగిపోతోంది. ఎలా అడగాలి, అడిగే ముందు ఓటరు చేతిలో ఏ కాగితం పెట్టాలి, అందులో ఏం రాసినా చెల్లుతుందా అన్నది ఎవరూ పట్టించుకోవడం లేదు. నేను మెల్‌బోర్న్‌లో స్థిరపడి, ఇక్కడి పౌరసత్వం తీసుకున్నవాణ్ణి. 2023 అక్టోబరు 14న జరిగిన రెఫరెండంలో ఓటేశాను. దానికి ముందు రెఫరెండం చట్టం మీద ఇక్కడి పార్లమెంటులో నడిచిన చర్చ, ఆ తర్వాత మా ఇంట్లో, మా తెలుగువాళ్ల మధ్య జరిగింది చూశాక ఈ ఉత్తరం రాయాలనిపించింది.

ఆస్ట్రేలియా ఆదివాసులు, టారెస్ జలసంధి దీవుల ప్రజల తరఫున పార్లమెంటుకూ ప్రభుత్వానికీ సలహా చెప్పే ‘వాయిస్’ అనే వ్యవస్థను రాజ్యాంగంలో చేర్చాలా వద్దా అన్నది ప్రశ్న. సుమారు 60 శాతం మంది ‘నో’ అన్నారు. ఆరు రాష్ట్రాల్లో ఒక్కటి కూడా ‘యెస్’ అనలేదు. నేను ఎటు వేశానన్నది ఇక్కడ అవసరం లేదు, ఫలితంతో నాకు పేచీ లేదు. ఇక్కడి రాజ్యాంగంలో ఒక్క అక్షరం మార్చాలన్నా 128వ సెక్షన్ ప్రకారం ప్రజల దగ్గరకు రావాల్సిందే. దేశం మొత్తం మీద మెజారిటీ ఉండాలి, దాంతోపాటు కనీసం నాలుగు రాష్ట్రాల్లో మెజారిటీ ఉండాలి. ఇప్పటివరకు 45 ప్రశ్నలు అడిగితే నెగ్గినవి 8. చివరిసారి నెగ్గింది 1977లో. ఇంత అరుదుగా, ఇంత కష్టంగా తీసుకునే నిర్ణయానికి ఓటరుకు అందే సమాచారం ఎంత గట్టిగా ఉండాలి!

ఈ ఓటు ఎలా నడవాలో చెప్పేది 1984 నాటి రెఫరెండం నిర్వహణ చట్టం. దాని 11వ సెక్షన్‌లో ఒక బుక్‌లెట్ సంగతి ఉంది. సవరణ బిల్లుకు అనుకూలంగా ఓటేసిన ఎంపీలు ‘యెస్’ వాదన, వ్యతిరేకంగా ఓటేసినవాళ్లు ‘నో’ వాదన రాసిస్తారు. ఒక్కో వాదన 2000 పదాలు దాటకూడదు. ఎన్నికల సంఘం రెండిటినీ అచ్చేసి, పోలింగుకు రెండు వారాల ముందే ఇంటింటికీ పోస్టులో పంపాలి. ఈ ఆనవాయితీ 1912లో మొదలైంది.

2022 డిసెంబరులో ప్రభుత్వం ఈ చట్టానికి సవరణలు తెస్తూ, ఈసారికి బుక్‌లెట్ వద్దని ప్రతిపాదించింది. 1912లో టీవీ, ఈమెయిల్, సోషల్ మీడియా లేవు కాబట్టి అది అవసరమైంది, ఇప్పుడు ఎంపీలు ఓటర్లతో నేరుగా మాట్లాడుకోవచ్చు అన్నది వాళ్ల వాదన. ప్రతిపక్ష లిబరల్ పార్టీ ఒప్పుకోలేదు. బుక్‌లెట్ ఉండాలి, రెండు పక్షాలకూ అధికారిక ప్రచార సంస్థలుండాలి, రెండిటికీ సర్కారు సమానంగా డబ్బివ్వాలి అని పట్టుబట్టింది. 1999లో రాచరికం వదిలి రిపబ్లిక్ కావాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఇరుపక్షాల కమిటీలకూ చెరో 75 లక్షల డాలర్లు ఇచ్చారు. ఈసారి ప్రభుత్వం డబ్బు ఇవ్వనంది, బుక్‌లెట్‌కు మాత్రం తలొగ్గింది. 2023 మార్చిలో బిల్లు పాసైంది.

బుక్‌లెట్‌ను నిలబెట్టినందుకు నాకు సంతోషమే. ఫోన్ తెరిస్తే ఫార్వర్డ్‌ల వరద తప్ప ఏమీ దొరకని రోజుల్లో, రెండు వాదనలూ పక్కపక్కన పెట్టుకుని నిదానంగా చదువుకునే కాగితం ఒకటి ఉండడం చాలా పెద్ద సంగతి. నా బాధ వేరే. నెలల తరబడి చర్చంతా బుక్‌లెట్ ఉండాలా వద్దా అన్నదాని చుట్టూనే తిరిగింది. అందులో అచ్చయ్యేది నిజమో కాదో ఎవరు చూడాలన్న ప్రశ్నను కొందరు స్వతంత్ర సభ్యులు లేవనెత్తినా, అది చట్టంలోకి ఎక్కలేదు.

దాని ఫలితం చూడండి. 2023 జులైలో ఎన్నికల సంఘం రెండు వాదనలనూ ఎంపీలు ఇచ్చింది ఇచ్చినట్టే వెబ్‌సైట్‌లో పెట్టింది. వాస్తవాలు సరిచూసే అధికారం చట్టం మాకు ఇవ్వలేదని చెప్పింది. అది నిజం, సంఘం తప్పేమీ లేదు. ‘నో’ వాదనలో గ్రెగ్ క్రేవన్ అనే రాజ్యాంగ నిపుణుడి మాటలు వాడుకున్నారు. ఆయన మొదట్లో ముసాయిదాలోని పదాల మీద విమర్శ చేసిన మాట వాస్తవమే. కానీ ఆయన ‘యెస్’ పక్షం మనిషి. తన మాటల్ని అలా వాడుకోవడం మీద ఆయన బహిరంగంగా మండిపడినా లాభం లేకపోయింది. కోటికి పైగా ఇళ్లకు ఆ పేజీ అలాగే వెళ్లింది. రేపు ‘యెస్’ పక్షంవాళ్లు ఇదే పని చేసినా చట్టం ఇలాగే చూస్తూ ఊరుకుంటుంది.

మా ఇంటికి బుక్‌లెట్ వచ్చినప్పుడు ముందు చదివింది మా మామగారు. ఊళ్లో హైస్కూలు మాస్టారుగా రిటైరై, మా దగ్గరకొచ్చి ఇక్కడి పౌరుడైన మనిషి. పెన్సిల్ పట్టుకుని రెండు వాదనలూ గీతలు గీసుకుంటూ చదివారు. ఒకచోట ‘యెస్’ వాళ్లు చెప్పినదానికీ ‘నో’ వాళ్లు చెప్పినదానికీ పొంతన కుదరక నన్ను పిలిచారు. “రెండిట్లో ఏదో ఒకటే నిజం అవ్వాలి కదయ్యా, ఏది?” అన్నారు. ఇది ఎవరూ సరిచూడరు మామయ్యా అని చెబితే ఆయన నమ్మలేదు. “ఎన్నికల సంఘం పేరుతో వచ్చిన పుస్తకం. చూడకుండా ఎలా వేస్తారు?” అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? పార్టీ కరపత్రాన్ని జనం పార్టీ కరపత్రంలాగే చదువుతారు. సర్కారు ఖర్చుతో, ఎన్నికల సంఘం ముద్రతో వచ్చిన దాన్ని వేరేగా చదువుతారు. ఆ నమ్మకాన్ని వాడుకోనిచ్చి, దానికి పూచీ మాత్రం ఎవరికీ లేకుండా చేసింది ఈ చట్టం.

బ్యాలెట్ పేపరు సంగతీ ఇలాంటిదే. అందులో ఉండేది ఒకే గడి. దాంట్లో ఇంగ్లీషులో ‘యెస్’ అనో ‘నో’ అనో రాయాలి. ఎవరైనా టిక్ పెడితే ‘యెస్’ కింద లెక్కేస్తారు, ఇంటూ కొడితే ‘నో’ కింద లెక్కేయరు. ఇంటూ అంటే కొందరు వద్దని, కొందరు ఇదే నా ఎంపిక అని పెడతారు కాబట్టి ఉద్దేశం తేలదన్నది న్యాయ సలహా. 1988 నుంచీ ఇదే పద్ధతి. ఓటుకు కొద్ది వారాల ముందు ఈ సంగతి బయటపడేసరికి అప్పటి ప్రతిపక్ష నాయకుడు పీటర్ డటన్ ఇది అన్యాయమన్నారు. దీని మీద వేసిన కేసును ఫెడరల్ కోర్టు కొట్టేసింది. చెల్లని ఓట్లు మొత్తం కలిపినా ఒక శాతం లోపే కాబట్టి ఫలితం మారేది కాదు. కానీ ఆ వారాల్లో మా వాట్సాప్ గ్రూపుల్లో కనిపించిన టెన్షన్ చిన్నది కాదు. ఓట్లు ముందే లాగేసుకుంటున్నారని రాసినవాళ్లున్నారు. ‘యెస్’, ‘నో’ అని అచ్చేసిన రెండు గడులు పెట్టి, ఒకదాంట్లో గుర్తు వేయమంటే ఈ గొడవే ఉండదు. ఇంగ్లీషు రాయడానికి చెయ్యి తడబడే పెద్దవాళ్లకు కూడా తేలిక.

విరాళాల వివరాలు కూడా అంతే, ఓటు అయిపోయిన ఐదు నెలల తర్వాత 2024 ఏప్రిల్‌లో బయటపెట్టారు. ఎవరి డబ్బో ఓటేసే ముందు తెలియకపోతే తర్వాత తెలిసి ఏం ప్రయోజనం?

నిజానిజాలు ఎవరు తేలుస్తారు, అది సెన్సార్ కాదా అని ఇక్కడ పెద్దమనుషులు అంటారు. స్విట్జర్లాండ్‌లో 2016 ఫిబ్రవరిలో పెళ్లైన దంపతుల మీద పడే అదనపు పన్ను తీసేయాలా అన్నదాని మీద ఓటింగ్ జరిగింది. ఉద్యోగాలు చేసుకునే దంపతుల్లో ఎక్కువ పన్ను పడుతున్నవాళ్లు 80,000 జంటలని ప్రభుత్వం ఓటర్లకు చెప్పింది. అసలు లెక్క 4,54,000 అని తర్వాత తేలింది. స్వల్ప తేడాతో ఓడిపోయిన ఆ ఓటును 2019 ఏప్రిల్‌లో ఆ దేశపు సుప్రీంకోర్టు రద్దు చేసింది. అక్కడ ఎవరి అభిప్రాయాన్నీ ఎవరూ నొక్కలేదు, ఒక అంకె తప్పని తేల్చారు, అంతే. ఐర్లండ్‌లో ప్రశ్న ఏమిటో, ఓటేస్తే ఏం మారుతుందో ఏ పక్షమూ లేని సంఘం రాసి ఇంటింటికీ పంపుతుంది. ఆ మాటకొస్తే ఆస్ట్రేలియాలోనే సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్రంలో ఎన్నికల ప్రకటనల్లో తప్పుడు వాస్తవాలు చెప్పకూడదన్న నియమం 1985 చట్టం నుంచీ ఉంది. ఆ రాష్ట్రంలో రాజకీయ వాదనలు మూగబోలేదు కదా! ఆస్ట్రేలియా కేంద్ర పార్లమెంటులో అలాంటి బిల్లు 2024 నవంబరులో పెట్టి, ఆ తర్వాత వదిలేశారు.

చెరో 2000 పదాలూ ఉండనివ్వండి. వాదన ఎంత ఘాటుగా ఉన్నా సరే. కానీ అంకె వేస్తే దానికి ఆధారం ఉండాలి, ఒకరి మాట వాడుకుంటే వాళ్లను అడగాలి, బిల్లులో ఏముందో చెబితే బిల్లులో ఉన్నదే చెప్పాలి. అచ్చుకు ముందు ఇంతవరకు చూసే చిన్న బృందం చాలు. మొదటి పేజీల్లో ఏ పక్షమూ లేని వివరణ ఒకటి చేర్చాలి. 1967లో ఆదివాసులను జనాభా లెక్కల్లో చేర్చి, వాళ్లకోసం చట్టాలు చేసే అధికారం కేంద్రానికి ఇవ్వాలా అన్న ప్రశ్నను పార్లమెంటులో ఒక్కరూ వ్యతిరేకించలేదు కాబట్టి బుక్‌లెట్‌లో దాని మీద ‘నో’ వాదనే లేదు. దాదాపు 91 శాతం మంది ‘యెస్’ అన్నారు, మంచిదే అయింది. అయినా ఎంపీలందరూ ఒకటైతే ఓటరుకు ఒకవైపే వినిపిస్తుందన్నది అక్కడ కూడా కనబడుతోంది.

మన దేశంలో రాజ్యాంగ సవరణకు రెఫరెండం అక్కర్లేదు. 1967 జనవరి 16న మహారాష్ట్రలో కలుస్తారా అని గోవా ప్రజలను అడగడానికి పార్లమెంటు అంతకుముందు ఏడాది విడిగా చట్టం చేయాల్సి వచ్చింది. రెఫరెండం కావాలనేవాళ్లు ముందు అలాంటి చట్టంలో ఏం రాస్తారో చెబితే బాగుంటుంది. ఇక ఆస్ట్రేలియాలో ఓటున్న మీ పాఠకులకు నా విన్నపం ఒకటే. మరో రెఫరెండం ముంచుకొస్తే ఏ సవరణ ఎవరికి లాభమన్న లెక్కలు మొదలవుతాయి. ఇప్పుడు ఏదీ తలమీద లేదు కాబట్టి, మీ నియోజకవర్గం ఎంపీ ఆఫీసుకు 11వ సెక్షన్ మార్చమని ఒక ఉత్తరం రాయండి. నేను నిన్ననే మా ఎంపీకి రాసి పోస్టు చేశాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మెల్‌బోర్న్