అమ్మ సైకిలెక్కిందిరా!

డేవిస్, కాలిఫోర్నియా
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ సీనూ,

ముందు నాలుగు తిట్లు తిట్టుకుని ఆ తర్వాత చదువు. మీ మున్సిపాలిటీలో సైకిళ్ళకి పచ్చరంగు దారి వెయ్యాలని నువ్వు పెట్టిన ఫైలు వెనక్కి తిరిగొచ్చిందని సంక్రాంతికి రాశావు, ఆ ఉత్తరానికి ఆగస్టులో జవాబు రాస్తున్నాను. క్షమించరా. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ వదిలేశాను. ఈసారి మాత్రం చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తాను. పాప మూడో క్లాసుకి వచ్చింది. ల్యాబ్‌లో నా పని ఇంకో రెండేళ్ళు పొడిగించారు. శైలజకి మోకాలి నొప్పి తగ్గింది. నీ బీపీ మాత్రల సంగతి రాయలేదేం? అది రాయి. జూన్‌లో అమ్మ వచ్చింది, డిసెంబరు దాకా ఉంటుంది. అంతే. ఇక అసలు సంగతి.

నిన్న అమ్మ సైకిలు తొక్కుకుంటూ కూరగాయల సంతకి వెళ్ళిందిరా. వెనకాల కూర్చుని కాదు, తనే తొక్కుకుంటూ! అరవై ఏడేళ్ళ మీ పిన్ని! ఇంటి నుంచి సంత దాకా ఇంచుమించు మూడు కిలోమీటర్లు. మళ్ళీ వెనక్కి కూడా.

వచ్చిన కొత్తలో రెండు వారాలు కిటికీ దగ్గరే కూర్చుంది. మా ఇంటి వెనక చెట్ల మధ్యనుంచి ఒక బాట పోతుంది, నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ మాత్రమే. ఒకరోజు నేను రాగానే, "ఒరేయ్, పప్పు ఉడికేలోపు ముప్ఫై ఒక్క సైకిళ్ళు పోయాయిరా. అందులో ఒకావిడ నాకన్నా పెద్దది" అంది. మర్నాడు ముప్ఫై ఎనిమిదట. నేను నవ్వి ఊరుకున్నాను. తన మనసులో ఏముందో నాకు తట్టలేదు.

మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉంటాడు. 1960ల్లో ఇక్కడ చదువుకోడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. వాళ్ళావిడ సైకిలు కొన్నాళ్ళుగా వాడకంలో లేదు. అడ్డకడ్డీ లేని ఆడవాళ్ళ సైకిలు, ముందు బుట్ట. ఒక సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి అమ్మ వాళ్ళ వాకిట్లో నిలబడి ఆ హ్యాండిల్ పట్టుకుని ఉంది. ఇద్దరికీ ఒకళ్ళ భాష ఒకళ్ళకి రాదు. "అడుగు, ఒకసారి ఎక్కొచ్చా అని" అంది నాతో.

"నీకు వచ్చా అమ్మా?"

"తొమ్మిదో తరగతి దాకా నేను బడికెళ్ళింది దేని మీద అనుకున్నావ్?"

నాకు నలభై నాలుగేళ్ళురా సీనూ. ఈ మాట నేను ఎప్పుడూ వినలేదు.

పెద్దమామయ్య సైకిలట. కాలవ గట్టు మీద హైస్కూలుకి రెండు మైళ్ళు. మొదట్లో అడ్డతొక్కుడు, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి. ఎనిమిదో తరగతికి సీటెక్కింది. తర్వాత ఆ గట్టుని వెడల్పు చేసి రోడ్డు వేశారు, లారీలు మొదలయ్యాయి. ఒకరోజు లారీ పక్కనే దూసుకుపోతే బెదిరి పొలంలోకి పడింది. దెబ్బేం తగల్లేదు, పుస్తకాలు తడిశాయి. తాతయ్య ఆ రాత్రే సైకిలు తీసుకెళ్ళి కొట్టంలో పెట్టేశాడు. కొన్నాళ్ళు నడిచింది, పదో తరగతి మధ్యలో అదీ మానేసింది. ఇదంతా ఏ బాధా లేనట్టు చెప్పింది, ధనియాలు ఏరుకుంటూ. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సహించలేదు. అమ్మ చదువు ఎందుకు ఆగిపోయిందంటే ఏదో ఆ కాలం అలాంటిది అనుకునేవాణ్ణి. ఆ కాలమూ ఉందిలే. కానీ ఒక రోడ్డు కూడా ఉందిరా అందులో.

ఆ మధ్య మన ఆంధ్రాలో 'బడికొస్తా' అని హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్ళు ఇచ్చారు కదా, అప్పుడు ఫోటోలు చూసి సంతోషపడ్డాను. ఇప్పుడు ఆ సైకిళ్ళు ఏ రోడ్ల మీద తిరుగుతున్నాయా అనిపిస్తోంది. సరే, దాని సంగతి తర్వాత.

వారం రోజులు ఆ చెట్ల బాట మీదే ప్రాక్టీసు. ఎక్కడం చూడాలి నువ్వు! ఇక్కడివాళ్ళలా సీటు మీద కూర్చుని తొక్కడం కాదు. ఎడం కాలు పెడల్ మీద వేసి, కుడికాలితో రెండు గెంతులు గెంతి, అలా ఎక్కి కూర్చుంది. చిన్నప్పుడు మన ఆరో నంబరు అద్దె సైకిలుని ఎక్కినట్టే! యాభై ఏళ్ళయినా ఆ కాలికి అది గుర్తుందిరా. ఇక హెల్మెట్. పెద్దవాళ్ళకి ఇక్కడ తప్పనిసరి కాదు కానీ నేను ఒప్పుకోలేదు. ముడి అడ్డమొచ్చి అది తలకి దిగలేదు. లోపలికెళ్ళి ముడి విప్పేసి జడ వేసుకొచ్చింది. అమ్మ పంజాబీ డ్రెస్సు చున్నీని పాప పిన్నులతో బిగించింది. జడా, చున్నీ, హెల్మెట్... ఫోటో పంపిస్తాను, ప్రింటు తీయించి మీ ఇంట్లో పెట్టు.

నిన్న పొద్దున్న ఏడున్నరకి బయల్దేరాం. ముందు నేను, మధ్యలో అమ్మ, వెనక పాప. శనివారం సంత ఊరి మధ్య పార్కులో జరుగుతుంది. మేం ఉత్తరం వైపు ఉంటాం, మధ్యలో కవెల్ బులెవార్డ్ అనే పెద్ద రోడ్డు దాటాలి. రాత్రంతా నాకు దాని గురించే టెన్షన్.

ఆ కూడలిని నీకు సరిగ్గా చెప్పాలి, ఎందుకంటే ఈ ఉత్తరం సగం నీ ఆఫీసు పని కోసమే. కవెల్, జె స్ట్రీట్ కలిసే చోట 2015లో నెదర్లాండ్స్ పద్ధతిలో కట్టారు. అమెరికాలో ఇలాంటివాటిలో మొదటివాటిలో ఒకటి. మూలల్లో కాంక్రీటుతో చిన్న దీవిలాంటి గట్టు ఉంటుంది. సైకిలు ఆ గట్టు వెనక నుంచి వచ్చి, కార్లు ఆగే గీత కన్నా ముందుకు వెళ్ళి నిలబడుతుంది. కారువాడికి మనం కళ్ళ ఎదురుగా ఉంటాం. వాడు కుడివైపు తిరగాలంటే ఆ గట్టు చుట్టూ నెమ్మదిగా తిరగాల్సిందే, మలుపు కొట్టేసి దూసుకుపోలేడు. దాటాల్సిన దూరం కూడా తగ్గుతుంది. అంతే. కొన్ని గట్లు.

అమ్మ అక్కడ కాలు ఆన్చింది. పక్కన ఒక పెద్ద పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. హ్యాండిల్ పట్టుకున్న వేళ్ళు తెల్లబడిపోయాయి. కాలవ గట్టు మీది లారీయే గుర్తొచ్చిందేమో, నేను అడగలేదు. సిగ్నల్ పడింది. ట్రక్కు డ్రైవరు తిరగాల్సినవాడే, ఆగి అమ్మనే చూస్తున్నాడు. ఎడం కాలు పెడల్ మీద, రెండు గెంతులు, వెళ్ళిపోయింది. అవతలి మూలకి చేరాక బెల్లు కొట్టిందిరా! ఎవరూ అడ్డం లేరు, ఊరికే. ట్రింగ్ ట్రింగ్. పాప వెనకనుంచి అరుపులు. నాకు కళ్ళలో నీళ్ళొచ్చి ముందు దారి కనపడలేదు.

నిజానికి ఆ తర్వాతే అమ్మ ఇబ్బంది పడింది. జె స్ట్రీట్‌లో తెల్ల గీత ఒక్కటే ఉంటుంది, పక్కన ఆపిన కార్లు. ఒక కారు తలుపు హఠాత్తుగా తెరుచుకుంది. బ్రేకు వేసింది, పడలేదు. "ఈ గీత నాకు నచ్చలేదురా, ఆ గట్టే బాగుంది" అంది. మీ ఇంజనీర్లకి చెప్పు ఈ మాట, అరవై ఏడేళ్ళ పెద్దావిడ చెప్పిందని.

ఊళ్ళోకి వెళ్తుంటే ఫిఫ్త్ స్ట్రీట్ వస్తుంది. అది ఒకప్పుడు నాలుగు వరసల రోడ్డు, సైకిలుకి చోటే లేదు. వరసలు తగ్గించి, మధ్యలో మలుపులకి ఒక వరస వదిలి, రెండు పక్కలా సైకిళ్ళకి చోటిచ్చారు. దానికి ఏళ్ళ తరబడి కొట్లాడుకున్నారు. ట్రాఫిక్ ఆగిపోతుందన్నారు, ఇంకేదో అన్నారు. 2014లో పూర్తయింది. సైకిళ్ళ ఊరని పేరున్నచోటే ఇంత గొడవ జరిగింది. నీ ఫైలు వెనక్కి తిరిగొచ్చిందని రాశావు చూడు, అందుకే చెప్తున్నా.

సంతలో లేత వంకాయలు, టమాటాలు, కాకరకాయలు కొంది. బుట్ట నింపేసి, అరటిపళ్ళు నా సంచిలో వేసింది. బరువుతో ఎలా తొక్కుతావే అంటే, అప్పట్లో వెనక గడ్డిమోపు కూడా పెట్టుకున్నానంది. ఇంకా ఎన్ని దాచిందో!

సాయంత్రం పక్కింటి పెద్దాయన్ని పిలిచి పులిహోర పెట్టింది, సైకిలుకి అద్దె అని. నేను మధ్యలో కూర్చుని తర్జుమా చేశాను. ఆయన చెప్పింది విను.

1960ల మొదట్లో యూనివర్సిటీని పెంచేటప్పుడే ఛాన్సలర్ ఎమిల్ మ్రాక్ ఇది సైకిళ్ళ ప్రాంగణంగా ఉండాలనుకున్నాడట. రాబోయే విద్యార్థులకి సైకిలు తెచ్చుకోమని చెప్పేవారు. అదే సమయంలో ఫ్రాంక్ చైల్డ్ అనే ప్రొఫెసరు, ఆయన భార్య ఈవ్, పిల్లలతో నెదర్లాండ్స్‌లో కొన్నాళ్ళుండి వచ్చారు. అక్కడ రోజూ చేసింది ఇక్కడెందుకు చెయ్యకూడదని వీధుల్లో సైకిళ్ళకి చోటు కావాలని సంతకాలు సేకరించారు. ఊరి కౌన్సిల్ ఒప్పుకోలేదు. 1966 ఎన్నికల్లో దీన్నే విషయంగా పెట్టుకుని ఒప్పుకునేవాళ్ళని గెలిపించారు! 1967లో సైకిలు లేన్లు వచ్చాయి. అమెరికాలో అవే మొదటివి. దానికోసం రాష్ట్ర చట్టాన్ని కూడా మార్పించాల్సొచ్చింది.

మొదట రకరకాలుగా చేసి చూశారట. సికమోర్ లేన్‌లో అయితే పేవ్‌మెంటుకీ ఆపిన కార్లకీ మధ్యలో సైకిళ్ళ దారి పెట్టారు. వీధి పొడవునా బ్రహ్మాండం. కానీ కూడలికి వచ్చేసరికి, తిరిగే కారువాడికి ఆ కార్ల వెనకున్న సైకిలు కనపడేది కాదు. దాంతో అది తీసేసి గీతలకే వచ్చేశారు. అంటే సీనూ, సమస్య వీధిలో లేదు, మూలలో ఉంది. ఆ మూలని సరిచెయ్యడానికే కవెల్ దగ్గరి ఆ గట్లు, అవి రావడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది! ఆయన చెప్తుంటే అమ్మ వంటింట్లోంచి, "అదే కదా, గట్టు అన్నది అందుకే" అంది.

ఇప్పుడు నీ ఫైలు. నాలుగు కిలోమీటర్లు పచ్చరంగు వేస్తే దాని మీద బళ్ళు పార్కు చేస్తారన్నావు. చేస్తారు, నిజమే. అయితే ఆ నాలుగు కిలోమీటర్ల డబ్బుతో నాలుగు కూడళ్ళు చెయ్యలేమా? మీ మున్సిపాలిటీలో గర్ల్స్ హైస్కూలు ఎదురుగా ఉన్నది ఒకటి, కాలవ వంతెన దగ్గరది ఇంకోటి. ముందు ఇసక బస్తాలతో మూలలు కట్టి ఓ నెల చూడు. ఆడపిల్లలు ఎంతమంది సైకిలు మీద వస్తున్నారో, ఎంతమంది దిగి నడిపించుకుంటున్నారో లెక్కపెట్టించు. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్లు సోలార్ కప్పుతో ట్రాక్ వేశారు, 2023లో. బావుంది, నీడ కూడా. కానీ అది ఎక్సర్‌సైజుకి. పాలపాకెట్టుకీ బడికీ వెళ్ళే దారి వేరు.

ఎండ అనకు. ఇక్కడ వేసవిలో నలభై డిగ్రీలు దాటిన రోజులుంటాయి. సాయంత్రం ఇక్కడి నది డెల్టా వైపు నుంచి చల్లగాలి వస్తుంది, అది నిజం. మనకి అది లేదు. చెట్లు కావాలి. చెట్ల గురించి నీకు నేను చెప్పాలా!

ఇక్కడ అంతా గొప్పగా ఉందని కాదురా. పొద్దున్నే కార్లేసుకుని పక్కనున్న శాక్రమెంటో నగరానికి పోయేవాళ్ళు బోలెడంతమంది. పోయిన దశకం లెక్కల్లో ఊళ్ళో ఉద్యోగాలకి సైకిలు మీద వెళ్ళేవాళ్ళు దాదాపు ఐదో వంతు. అమెరికాలో అదే చాలా ఎక్కువ.

అన్నట్టు, కప్పల సొరంగం! ఈ ఊళ్ళో 1995లో వంతెన కట్టినప్పుడు కప్పలు రోడ్డు దాటడానికి కింద సొరంగం వేశారు. అది విన్నాక అమ్మ, "కప్పలకి కూడా వేశారా" అని కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "మీ తాతయ్యది తప్పు కాదురా. ఆ రోడ్డు మీద నేనైనా పిల్లని..."

ఉండు, కింద బెల్లు. ఎండ తగ్గింది, బయల్దేరదామంటోంది. చైను ఊడిందట. పాప వచ్చి చెప్తోంది, నాయనమ్మ పుల్ల పెట్టి తనే ఎక్కించేస్తోందని. చెయ్యి నలిగిపోతుంది, వెళ్ళి చూడాలి. గర్ల్స్ హైస్కూలు కూడలి ఫోటోలు నాలుగు మూలల నుంచీ తీసి పంపు, పొద్దున్న బడి టైములో తీసినవి.

వస్తున్నా అంటే వినట్లేదు. ఉంటా.

నీ
గోపి