బడి మైదానాలకు తాళాలెందుకు?

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు ఇచ్చిన రోజే మా గోదావరి డెల్టా ఊళ్లలో చాలా బడుల గేట్లకు తాళాలు పడ్డాయి. మళ్లీ జూన్ 12న బడి గంట కొట్టేదాకా అవి తీయరు. లోపల మైదానం ఖాళీగా ఎండుతుంటే, బయట ఆ బడి పిల్లలే అరుగుల మీదా మంచాల మీదా ఫోన్లు పట్టుకుని పొద్దు గడుపుతున్నారు. వీళ్లకు ఫోను పిచ్చి పట్టిందని, ఒళ్లు వస్తోందని ఇంటింటా తిట్లే. మరి ఎక్కడికి వెళ్లి ఆడుకోవాలో ఆ పిల్లలకు చెప్పేవారే లేరు. ఉద్యోగమంతా హైస్కూళ్లలో డ్రిల్లు మాస్టారుగా గడిపినవాడిని. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

గోదావరి జిల్లాల్లో పిల్లలకు ఆటస్థలం లేదంటే బయటివారు నమ్మరు. నిజానికి డెల్టాలో ఖాళీ నేల దొరకడమే కష్టం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీరు అందిన ప్రతి సెంటూ సాగులోకి వచ్చింది. అయినా పిల్లలకు వాళ్ల వాటా ఉండేది. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక తొలకరి దాకా చేలన్నీ వాళ్లవే. కళ్లాల్లో చెడుగుడు, చెరువు గట్టు చెట్ల మీద కోతికొమ్మచ్చి, వీధిలో ఏడుపెంకులాట. ఇప్పుడు ఉండి, ఆకివీడు, కాళ్ల మండలాల వైపు ఆ చేలలో చాలా భాగం చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయిపోయాయి. ఊళ్లకు ఆనుకుని ఉన్న భూములు ఇళ్ల స్థలాలుగా మారాయి. కోత యంత్రాలు వచ్చాక కళ్లంతో పనే లేకుండా పోయింది. కాలువ గట్ల మీద మేత లారీలు, రొయ్యల వ్యాన్లు తిరుగుతుంటే పిల్లవాణ్ణి సైకిలు మీద పంపడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? ఇక కాలువలో ఈతంటే చెప్పనే అక్కర్లేదు. ఏటా వేసవిలో పిల్లలు నీళ్లలో పడి చనిపోయిన వార్తలు మీ పత్రికలోనే చదువుతున్నాం. ఫోను చేతికిస్తే బిడ్డ కళ్లెదుటే ఉంటాడన్న ఆలోచన ఆ భయంలోంచే పుట్టింది. ఆ తల్లిని తప్పుపట్టలేను.

కానీ ఆ భద్రతకు పిల్లలు చెల్లిస్తున్న మూల్యం పెద్దది. 5 నుంచి 17 ఏళ్ల వారు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ సంస్థ పరిశోధకులు 2019లో ప్రచురించిన లెక్క ప్రకారం ప్రపంచంలో 11 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 81 శాతం మందికి ఆ గంట కదలిక లేదు. మన దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువున్నవారు 2015-16లో 2.1 శాతం ఉంటే, 2019-21 నాటికి 3.4 శాతమయ్యారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అంకె చిన్నదే, పెరిగిన తీరు చిన్నది కాదు. బొద్దుగా ఉంటే ఆరోగ్యమని మురిసిపోయే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. పాశ్చాత్యులతో పోలిస్తే మనవాళ్లకు తక్కువ బరువులోనే మధుమేహం వస్తుంది. చిన్నప్పుడు చేరిన కొవ్వు చాలామందిని పెద్దయ్యాక కూడా వదలదు. ఫోను చూపిస్తూ అన్నం పెడితే కడుపు నిండిన సంగతి బిడ్డకే తెలియదు. రాత్రి పొద్దుపోయేదాకా తెర చూస్తే నిద్ర చెడుతుంది, మర్నాడు ఆడే ఓపిక ఉండదు. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలే వద్దని, అయిదేళ్ల వరకు రోజుకు గంట మించవద్దని పిల్లల వైద్యుల సంఘం 2021లోనే చెప్పింది. ఒక్క మాట. లావుగా ఉన్న పిల్లవాణ్ణి పదిమందిలో వెక్కిరింపు పేరు పెట్టి పిలిచి నవ్వితే వాడు ఆటకు మరింత దూరమవుతాడు. ఇది మైదానంలో ఎన్నోసార్లు చూశాను.

బడి తెరిచాకైనా ఆట ఉంటుందా అంటే, డ్రిల్లు పీరియడ్ కాగితం మీదే. లెక్కలు వెనకబడితే ఆ పీరియడ్ తీసుకుంటారు, సైన్సు వెనకబడినా అదే. పదో తరగతికి వస్తే ఆ పిల్లలు మైదానం వైపు చూడటమే తప్పన్నట్టుగా ఉంటుంది. ప్రైవేటు బడుల్లో కొన్ని మేడల మీదే నడుస్తున్నాయి, దిగడానికి నేలే లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం, ఆట సామగ్రి ఉండాలని రాసింది. ఆ నిబంధనను తనిఖీకి వచ్చేవారు ఎంత గట్టిగా అడుగుతున్నారో మనకు తెలిసిందే.

ఆడపిల్లల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. ఏడో తరగతి దాకా ఖోఖోలో, కబడ్డీలో మగపిల్లలను ఓడించిన పిల్లలు ఎనిమిదికి రాగానే గోడ పక్కన కూర్చుంటారు. ఇంట్లో వద్దంటారు. మైదానంలో బట్టలు మార్చుకునే చోటుండదు. దారిలో ఎవరో ఏదో అంటారు. ఇందాక చెప్పిన లెక్కలోనే చాలినంత కదలని అబ్బాయిలు 78 శాతమైతే అమ్మాయిలు 85 శాతం. మా ఊళ్లలో ఈ తేడా ఇంకా ఎక్కువేమోనని నా భయం. ఆడపిల్లలకు మైదానంలో విడిగా సమయం కేటాయించి, ఒక టీచరమ్మో ఊరి పెద్దావిడో దగ్గరుంటే వాళ్లు తప్పక వస్తారు.

కొత్త స్థలాలు కొనమని నేను అడగడం లేదు. ఇక్కడి ధరలకు ఏ పంచాయతీ కొనలేదు. ఉన్న బడి మైదానాన్ని రోజూ సాయంత్రం 5 నుంచి 7 దాకా, సెలవుల్లో ఉదయం కూడా, ఊరి పిల్లలందరికీ తెరవమంటున్నాను. ప్రైవేటు బడి పిల్లలకూ అందులో చోటుండాలి. ప్రధానోపాధ్యాయుల అభ్యంతరం నాకు తెలుసు. రాత్రిళ్లు తాగుబోతులు చేరతారు, కిటికీలు పగులుతాయి, ఎవరికైనా దెబ్బ తగిలితే తమ మీదికి వస్తుంది. ఇవి ఊహలు కావు. అందుకే ఆ బాధ్యత వాళ్లొక్కరి మీదే వేయకూడదు. తరగతి గదులకు తాళం ఉంచి మైదానం వైపు గేటు మాత్రమే తీయవచ్చు. తాళంచెవి పంచాయతీ, తల్లిదండ్రుల కమిటీ కలిసి నియమించిన మనిషి దగ్గర ఉండాలి, చీకటి పడేసరికి అతనే మూయాలి. మంచినీళ్లు, రెండు దీపాలు, ఒక బంతి, ఒక తాడు ఉంటే మొదలుపెట్టవచ్చు.

జిల్లా విద్యాశాఖ అధికారులు ఇందుకు రాతపూర్వకంగా అనుమతినివ్వాలని, పంచాయతీలు జూన్ 12 లోగా తీర్మానం చేయాలని కోరుతున్నాను. సాయంత్రాలు దగ్గరుండి ఆడించడానికి నాలాంటి విశ్రాంత ఉపాధ్యాయులు ప్రతి మండలంలోనూ ఉన్నారు. అడిగితే కాదనరు. మా ఊరి వరకు ఆ పని నేను చూసుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
పశ్చిమ గోదావరి జిల్లా.