గోల్స్ లెక్కతోనే స్ట్రైకర్‌ను తూచవద్దు

సంపాదకులు గారికి నమస్కారాలు.

మీ పత్రిక పాతపట్నం దాటి మా పర్లాకిమిడికి చేరేసరికి కాస్త ఆలస్యమవుతుంది గానీ, టీ కొట్టు దగ్గర మేము ముందుగా తిరగేసేది క్రీడల పేజీనే. అక్కడ కొంతకాలంగా నలుగుతున్న ఒక వాదన మీ దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. మహిళల ఫుట్‌బాల్‌లో తొమ్మిదో నంబరు చొక్కా తొడుక్కున్న అమ్మాయి, అంటే గోల్స్ కొట్టడమే ముఖ్య బాధ్యతగా అందరికంటే ముందు ఆడే స్ట్రైకర్, గోల్ కొట్టకపోతే జట్టులో ఆమెకు చోటెందుకన్నది మా మిత్రుల్లో ఎక్కువమంది అభిప్రాయం. నేను దానితో ఏకీభవించను.

2023 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్ గ్రూపు దశలో జపాన్ 4-0తో స్పెయిన్‌ను ఓడించిన మ్యాచ్‌నే తీసుకోండి. ఆటలో నాలుగింట మూడు వంతులకు పైగా సేపు బంతి స్పెయిన్ కాళ్ళ దగ్గరే ఉంది. జపాన్ అమ్మాయిలు అయిదుగురిని వెనుక నిలిపి, ఓపికగా కాచుకుని, బంతి చిక్కగానే ఖాళీగా ఉన్న జాగాలోకి పరుగు తీశారు. ఆ మ్యాచ్‌లో రెండు గోల్స్, టోర్నీ మొత్తంలో 5 గోల్స్ కొట్టి, అత్యధిక గోల్స్‌కు ఇచ్చే గోల్డెన్ బూట్ గెలిచిన హినాటా మియాజావా స్ట్రైకరే కాదు, మైదానం మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డర్. ఆమె రెండో గోల్‌కు బంతి అందించినది స్ట్రైకర్ రికో ఉయెకి. అంత ఘోరంగా ఓడిన స్పెయినే చివరకు కప్పు గెలిచింది. ఫైనల్లో ఇంగ్లండ్‌పై ఏకైక గోల్ కొట్టిన ఓల్గా కార్మోనా ఎడమవైపు డిఫెండర్.

మా తాతల కాలంలో అరుగుల మీద సుద్దతో గీసి పులిజూదం ఆడేవారు. ఒక మేకను ఎరగా ముందుకు జరిపితే పులి తన చోటు వదిలి కదులుతుంది, ఆ వెనుకే మిగతా మేకలు దారి మూసేస్తాయి. స్ట్రైకర్ నాలుగడుగులు వెనక్కి వచ్చి బంతి అడిగినప్పుడు జరిగేదీ దాదాపు అదే. ఆమెను కాచే డిఫెండర్ వెంట వస్తే వెనుక గుమ్మం తెరుచుకుంటుంది, రాకపోతే ఆమె నింపాదిగా తిరిగి బంతి పంచుతుంది.

ఇంగ్లండ్ స్ట్రైకర్ అలెసియా రుస్సో ఇలా వెనక్కి వచ్చి ఆడడంలో నేర్పరి. అలాగని గోల్ ముందు ఆమె తేలిపోదు. 2025 యూరో ఫైనల్లో క్లోయి కెల్లీ పక్క నుంచి గోల్ ముందుకు వేసిన క్రాస్‌కు తల ఆనించి స్కోరు సమం చేసింది ఆమే. రాత్రి తొమ్మిదిన్నరకు మొదలైన ఆ మ్యాచ్‌ను నలుగురం ఒకే ఫోన్‌లో చూశాము. పెనాల్టీలకు వెళ్ళేసరికి ఛార్జింగ్ అయిపోయి, ఇంగ్లండ్ గెలిచిందని మర్నాడు గానీ మాకు తెలియలేదు.

ఇక మన జట్టు సంగతి. 2025 జూలై 5న థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి భారత్ ఆసియా కప్‌కు అర్హత సాధించినప్పుడు, రెండు గోల్స్ మిడ్‌ఫీల్డర్ సంగీతా బాస్ఫోర్‌వే. అంతకుముందు మంగోలియాపై 13-0 గెలుపులో మా ఒడిశా అమ్మాయి ప్యారీ ఖాఖా అయిదు గోల్స్ కొట్టింది. థాయ్‌లాండ్ మ్యాచ్ చూసి ఫార్వర్డులు దండగని, మంగోలియా మ్యాచ్ చూసి అద్భుతమని అదే నోటితో అన్నవారిని ఎరుగుదును. థాయ్ డిఫెండర్లను ఎవరు ఎటు లాగారో, ఎవరి ఒత్తిడికి బంతి జారిందో స్కోరు చెప్పదు, చూసి రాసేవారే చెప్పాలి.

ఈ గోల్స్ లెక్క చిన్న మైదానాలకూ పాకింది. మా జిల్లాలో ఒక పాఠశాల జట్టు తరఫున ఆడిన బాలికను, మూడు మ్యాచ్‌లలో గోల్ లేదని నాలుగో మ్యాచ్‌కు పక్కన పెట్టారు. ఆ మూడింట్లోనూ ఎదుటి జట్టు స్టాపర్‌ను, అంటే గోల్ ముందు కాపు కాసే మధ్య డిఫెండర్‌ను, ఆమె మాటిమాటికీ పక్క గీత దాకా ఈడ్చుకుపోవడం గట్టు మీద కూర్చుని చూశాను. నాలుగో మ్యాచ్‌లో ఆ స్టాపర్ పెనాల్టీ బాక్సు నుంచి కదలనే లేదు, మావాళ్ళు ఓడారు. ఆ రోజు ఆమె బూట్లు విప్పి ఒళ్ళో పెట్టుకుని మ్యాచ్ అంతా చూసింది.

కాబట్టి మహిళల ఫుట్‌బాల్ వార్తల్లో గోల్ వేసినవారి పేరుతో పాటు, ఆ గోల్‌కు జాగా ఎవరు చేశారో రెండు వాక్యాలైనా రాయించవలసిందిగా కోరుతున్నాను. నిజామాబాద్ అమ్మాయి, ఫార్వర్డ్ సౌమ్య గుగులోత్ ఆడే మ్యాచ్‌లతోనే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా