గడ్డకు వయసు అడ్డు కాదు

సంపాదకులకు,

30 ఏళ్ల అమ్మాయి రొమ్ములో గడ్డ తగిలితే ‘పాలగడ్డేలే’ అని నెలల తరబడి ఆగడం ప్రమాదం. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్, హెర్-2 గ్రాహకాలు (క్యాన్సర్ కణాల్లో సంకేతాలు అందుకునే ప్రొటీన్లు) మూడూ లేని ట్రిపుల్ నెగటివ్ క్యాన్సర్ వాటా 40 ఏళ్లలోపు వారిలోనే ఎక్కువ. ఆ వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది కనుక రొమ్ము ఎక్స్‌రే అయిన మామోగ్రామ్‌లో గడ్డ దాగిపోవచ్చు. అల్ట్రాసౌండ్ కూడా చేయించాలి, అనుమానముంటే కోర్ నీడిల్ బయాప్సీ (సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం). హెర్-2 ఫలితం 2+ (అటూ ఇటూ తేలని స్థాయి) వస్తే హెర్-2 జన్యువును చూసే ఫిష్ పరీక్షతో తేల్చుకోవాలి. ట్రిపుల్ నెగటివ్ అని తేలితే బీఆర్‌సీఏ జన్యుపరీక్ష (వంశపారంపర్యంగా క్యాన్సర్ ముప్పు తెచ్చే జన్యుమార్పు ఉందేమో చూసేది) అడగండి. పిల్లలు కావాలనుకునేవారు అండాలు భద్రపరచడం గురించి కీమో మొదలుకాక ముందే మాట్లాడాలి.

70 దాటినవారిలో హార్మోన్ గ్రాహకాలున్న రకమే ఎక్కువ. ట్రిపుల్ నెగటివ్ వస్తే మాత్రం హార్మోన్ మాత్రలు పనిచేయవు. వయసు సాకుతో కీమో ఎగ్గొట్టడం అన్యాయం. ఎకోతో గుండెను, రక్తపరీక్షతో కిడ్నీలను చూసి తగిన మందులు ఎంచుకోవచ్చు.

– క్యాన్సర్ వైద్యులు, హైదరాబాద్